'ట్రెజర్ ఐలెండ్' అను చలనచిత్రమును గూర్చి మా యభిప్రాయము

గడచిన వర్షకాలమున నొక శనివారము సాయంకాలము మా పాఠశాల పెద్దహాలులో తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులకు 'ట్రెజర్ ఐలెండ్' అను ఆంగ్ల చలనచిత్రమును జూపితిమి. ఇది 1950వ సంవత్సరమున వాల్టు డిస్నీ సంస్థవారు విడుదల చేసిన చిత్రము. సముద్రయానము, నిధి, ఓడదొంగలు, ఉష్ణమండలపు ద్వీపము, విశ్వాసఘాతుకము: బాలుర హృదయములను దొంగిలించుటకు వలసిన సామగ్రి యంతయు నిందుఁ గలదు. మా పిల్లలు రెప్పవాల్చక చూచిరి.

సోమవారమునాఁ డొక విద్యార్థి తండ్రిగారు మా యొద్దకు వచ్చి యిట్లనిరి: "అయ్యా, దొంగలును, త్రాగుఁబోతులును, ద్రోహులును గల చిత్రమును పాఠశాలలోఁ జూపవచ్చునా? మావాఁడు శనివారము మొదలు ఒంటికాలితోఁ గుంటుచు, భుజముమీఁద చిలుక యున్నట్లు నటించుచు, ఇల్లంతయుఁ దిరుగుచున్నాఁడు. వాని తల్లి అన్నమునకుఁ బిలిచిన నొక పెద్దగర్జన చేసి వచ్చుచున్నాఁడు." మేము నవ్వితిమి. ఆయనయు నవ్విరి. కాని యాయన ప్రశ్న నవ్వి త్రోసివేయఁదగినది కాదు. బిడ్డను మాకు నమ్మి యప్పగించిన తండ్రి యడిగిన ప్రశ్న యది. దానికి మేమిచ్చు ప్రత్యుత్తరమే యీ వ్యాసము. ఆయనకే కాక, మా విద్యార్థులకును, మాకును గూడ నిది యుపయోగించునని తలంచుచున్నాము.

మొదట కథ పుట్టిన విధమును జెప్పవలెను. 1881వ సంవత్సరపు వేసవిలో రాబర్టు లూయీ స్టీవెన్‌సన్ అను రచయిత స్కాట్లండులోని బ్రేమారు గ్రామమున కుటుంబముతో నుండెను. ఎడతెగని వానలచే నెవ్వరు నిల్లు కదలలేకుండిరి. ఆయన భార్యకుఁ బూర్వవివాహమునఁ గలిగిన కుమారుఁడు లాయిడ్ ఆస్‌బర్న్ అను బాలుఁడు రంగులతో బొమ్మలు వేయుచుండఁగా, స్టీవెన్‌సన్ తానును చేరి యొక ద్వీపపుఁ బటమును గీచెను. పటము ముందు, కథ తరువాత. ఆ పటమును జూచుచుండఁగా దానిలోని యడవులనుండి మనుష్యులు కత్తులు పట్టుకొని యీవలకు వచ్చినట్లు రచయితకుఁ దోఁచెనఁట. 'యంగ్ ఫోక్సు' అను బాలుర పత్రికలో 1881, 1882 సంవత్సరములలో భాగములుగా వెలువడి, 1883లో గ్రంథరూపముఁ దాల్చెను. తెలుఁగున దీనిని నండూరి రామమోహనరావుగారు 'కాంచనద్వీపము' అను పేర నందించి, మన పిల్లలకు మేలొనరించిరి. అనఁగా నీ కథ ధనార్జనకొఱకుఁ గాక, ముసురుపట్టిన దినమున నొక పిల్లవాని సంతోషముకొఱకుఁ బుట్టినది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనఁ గోరెదము; వ్యాసము చివర దీనితో మఱల పనిపడును.

కథాసారమును జెప్పెదము. జిమ్ హాకిన్సు అను బాలుఁడు సముద్రతీరమునఁ దలిదండ్రుల సత్రమునఁ బెరుగుచుండును. అక్కడ బసచేసిన బిల్లీ బోన్సు అను ముసలి నావికుఁడు చనిపోఁగా వాని పెట్టెలో నొక పటము దొరకును. ఫ్లింటు అను ఓడదొంగలనాయకుఁడు ఏడులక్షల పౌనుల ధనమును బాతిపెట్టిన ద్వీపమున కది దారిచూపును. ట్రెలానీ అను భూస్వామియు, లివ్సీ అను వైద్యుఁడును బాలుని వెంటఁబెట్టుకొని 'హిస్పానియోలా' అను ఓడపై బయలుదేఱుదురు. ట్రెలానీ నోరు కట్టుకొనలేనివాఁడు. రహస్యమును రేవంతయుఁ జాటి, నావికులను సమకూర్చు పనిని లాంగ్ జాన్ సిల్వరు అను నొంటికాలి వంటవాని కప్పగించును. ఆ వంటవాఁడే పూర్వము ఫ్లింటునొద్దఁ బనిచేసిన దొంగ. సమకూర్చఁబడిన నావికులలో నధికులు వాని తోడిదొంగలు. ఆపిలుపండ్ల పీపాలో నిదుర తూఁగుచున్న జిమ్, సిల్వరు తన తోడివారితోఁ జేయు కుట్రమాటలను చెవులార వినును. అంతవఱకు తనను బిడ్డవలె నాదరించిన మనుష్యుఁడే, తన ప్రాణములు తీయుటకు వెనుదీయనివాఁడని యా బాలుఁడు చీఁకటిలో, పీపాలోఁ గూర్చుండి తెలిసికొనును. కథ కంతకు నిదియే గుండెకాయ యని మా తలంపు.

గ్రంథములోని లెక్క ప్రకారము ఓడపై బయలుదేఱినవారు 26 మంది. మరలి స్వదేశముఁ జేరినవారు అయిదుగురు. పటము చూపిన చోటఁ దొంగలు త్రవ్వఁబోఁగా గుంట కాళీ. అంతకుముందే బెన్ గన్ అను నావికుఁడు, తనవారిచే నా ద్వీపమున మూఁడేండ్లక్రిందట నొంటిగా విడువఁబడినవాఁడు, నిధిని వెదకి తీసి గుహలో దాఁచియుండెను. అంత బంగారమున కధిపతియైన యా దీనుఁడు రాత్రులయందుఁ గలలోఁ గన్నది మాత్రము చీజు అను పాలగడ్డ ముక్కను! లోభమును గూర్చి నూఱు నీతిపద్యములు చెప్పఁజాలని దానిని ఈ యొక్క చిన్న సంగతి చెప్పుచున్నది. మఱియొకటి: దొంగలు తమ నాయకుని తొలగించుటకు నల్లచుక్క గల కాగితము నిత్తురు. వేఱు కాగితము లేక, డిక్ అను కుఱ్ఱదొంగ తన బైబిలునుండి యొక పుటను గోసి యిచ్చును. ఆ పని చేసినది మొదలు వానికి భయము వదలదు. ధనమునకై మనుష్యుఁడు మొదటఁ గోసివేయునది తన కత్యంత పవిత్రమైన దానినే యని దీని భావముగా మేము గ్రహించితిమి.

ఇఁక తండ్రిగారి యాక్షేపమునకు వత్తము. "దుష్టుని మనోహరునిగాఁ జూపినారు, పిల్లలు వానినే ప్రేమించుచున్నారు" అనునది వారి బాధ. ఇది సత్యమే. చిత్రము ముగిసినపిదప, "మీకు నచ్చినవాఁ డెవఁడు?" అని మేమడుగఁగా, చేతులెత్తినవారిలో నూటికి తొంబదిమంది సిల్వరు పేరే చెప్పిరి. నీతిమంతుఁడైన కెప్టెను స్మాలెట్టును గోరినది యొక్క విద్యార్థిని మాత్రమే. ఆమెయు, "ఆయన ఒక్కఁడే మొదటినుండి యనుమానించినాఁడు గదా, సార్" అని కారణము చెప్పినది.

ఐనను, దుష్టుఁడు మనోహరుఁడై యుండుటయే యీ కథయొక్క విద్య యని మేము వాదింతుము. మన నాటకములలో దుర్మార్గుఁడు రంగముపై నడుగిడఁగానే బుఱ్ఱమీసములచేతను, ఎఱ్ఱని కన్నులచేతను గుర్తింపఁబడును. పిల్లలు వానిని జూచి యీలలు వేయుదురు. కాని లోకమున ద్రోహి మీసములు దువ్వుచు రాఁడు. వాఁడు నవ్వుచు వచ్చును, పిల్లవాని పేరడిగి తెలిసికొనును, "నీవు తెలివిగలవాఁడవు" అనును, తినుటకేదైన నిచ్చును. తమకుఁ గీడు చేసినవా రపరిచితులు గారనియు, నమ్మినవారే యనియు నెందఱు బిడ్డలు కన్నీటితోఁ జెప్పఁగా మేము వినలేదు? ఉపాధ్యాయులై యిరువదియేండ్లు గడపినవారి కీ సంగతి తెలియును. తీపిమాట వేఱు, మంచితనము వేఱు అను పాఠమును పీపాలోని జిమ్ వలె భయపడి నేర్చుకొనుటకంటె, తెర ముందు బల్లపైఁ గూర్చుండి నేర్చుకొనుట మేలు గదా.

కావున తండ్రిగారికి మా మొదటి ప్రత్యుత్తర మిది: మీ కుమారుఁడు కుంటుచు నడచినందుకు విచారింపకుఁడు, అది వారము దినములలోఁ బోవును. "సిల్వరు మాటలలో నే మాట మొదటి యబద్ధము?" అని వాని నడుగుఁడు. వాఁడు చెప్పఁగలిగెనా, చిత్రము వ్యర్థము కాలేదు.

చిత్రములఁ గూర్చియుఁ గొంత చెప్పవలెను. ఈ కథ పలుమాఱులు తెరకెక్కినది. 1920లో మారిసు టూర్నరు తీసిన మూకచిత్రమున జిమ్ వేషమును షిర్లీ మేసన్ అను యువతి ధరించెను. ఆ చిత్రపు ప్రతి యొక్కటియు నేఁడు దొరకుట లేదు. 1934లో విక్టరు ఫ్లెమింగు దర్శకత్వమున వచ్చిన చిత్రమున వాలెసు బీరీ సిల్వరుగాను, జాకీ కూపరు జిమ్‌గాను నటించిరి. మేము చూపిన 1950 నాఁటి చిత్రమునకు బైరన్ హాస్కిన్ దర్శకుఁడు. రాబర్టు న్యూటన్ సిల్వరు. బాబీ డ్రిస్కల్ అను అమెరికా బాలుఁడు జిమ్. న్యూటన్ నైరృతి ఇంగ్లండునందలి డార్సెట్టు మండలమునఁ బుట్టినవాఁడు. ఆ ప్రాంతపు యాసను మఱింత సాగఁదీసి యతఁడు పలికిన తీరే, నేఁడు లోకమంతట నోడదొంగ భాషగాఁ జెల్లుచున్నది. మా విద్యార్థి యింట గర్జించినదియు నతని గర్జనయే.

అంతవఱకు బొమ్మల చిత్రములకుఁ బేరొందిన డిస్నీ సంస్థ, పూర్తిగా సజీవనటులతోఁ దీసిన మొదటి చిత్ర మిది. దానికొక విచిత్రమైన కారణము గలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనులో ధనమునకుఁ గఱవు వచ్చెను. అమెరికా చిత్రసంస్థలు తమ చిత్రముల ప్రదర్శనచే నక్కడ నార్జించిన ధనములో నధికభాగమును దేశము దాఁటింపరాదని యా ప్రభుత్వము కట్టడిచేసెను. తమ ధనము పరద్వీపమునఁ జిక్కుకొనఁగా, దానిని వెలికిఁ దీయుటకు డిస్నీ సంస్థవారు కనుగొన్న యుపాయము, ఆ ధనముతో నక్కడనే చిత్రము తీసి, చిత్రమును లోకమంతట నమ్ముట. ద్వీపమునఁ బాతుకొనిపోయిన నిధిని త్రవ్వి తెచ్చు కథను, ద్వీపమునఁ జిక్కుకొన్న నిధిని త్రవ్వి తెచ్చుటకై తీసిరన్న మాట! దీనిలో దోషమేమియు లేదు. వర్తకులు వర్తకముఁ జేసిరి. కాని కథయు, దానిని దీసిన కారణమును నొకదాని కొకటి యద్దమువలె నుండుట ముచ్చటగానున్నది.

కథాంతమును గూర్చి మా కొక యభిప్రాయభేదము గలదు. గ్రంథమున సిల్వరు తిరుగుప్రయాణమున, ఓడ యొక రేవున నాఁగియుండఁగా, బెన్ గన్ తోడ్పాటుతో మూఁడునాలుగువందల గినీల సంచి నపహరించి రాత్రివేళఁ బాఱిపోవును. పీడ వదలినదని తక్కినవారు సంతసింతురు. అందు జిమ్‌నకు పాత్రము లేదు. 1934 నాఁటి చిత్రమున జిమ్ తానే కన్నీటితో సిల్వరును విడిచిపుచ్చును. 1950 నాఁటి చిత్రమున సిల్వరు కొంత ధనముతోఁ జిన్నపడవలో జిమ్‌ను బలిమిని వెంటఁబెట్టుకొని పాఱిపోవఁజూడఁగా, చుక్కాని పట్టిన బాలుఁడు పడవను బుద్ధిపూర్వకముగా నిసుకదిబ్బ కెక్కించును. సిల్వరు తుపాకి చూపి బెదరించును; బాలుఁడు చలింపఁడు. దొంగ కాల్పలేక తుపాకి దించి, ఒంటికాలితో నీటిలో దిగి, పడవను నెట్టలేక తన్నుకొనును. అది చూడలేక జిమ్ తానే పడవను నెట్టి విడుచును.

ఈ ఘట్టమున మా హాలు నిశ్శబ్దమయ్యెను. కొందఱు కన్నులు తుడుచుకొనిరి. మేమును దాఁచనేల, తుడుచుకొంటిమి. అయినను మనసున నొక సందేహము మిగిలినది. గ్రంథములో టామ్ అను నీతిగల నావికుఁడు దొంగలలోఁ జేరననఁగా, సిల్వరు వాని వెన్నుపైఁ దన చంకకఱ్ఱను విసరి పడఁగొట్టి, కత్తితోఁ బొడిచి చంపును. పొదలచాటున నుండి జిమ్ దానిని కన్నులారఁ జూచును. చచ్చిన టామ్ తరపున సిల్వరును క్షమించుటకు జిమ్ ఎవఁడు? తనకుఁ జేయఁబడిన యపరాధమును మన్నించుట మహాగుణము. పరుల నెత్తుటిని మన్నించుట సులభమైన పని. దయ వేఱు, తీర్పు వేఱు. పడవను దిబ్బకెక్కించిన జిమ్ న్యాయము నెఱిఁగినవాఁడు, దానిని నెట్టినవాఁడు దయ నెఱిఁగినవాఁడు. రెండును మంచివే, కాని రెండవది మొదటిదానిని తుడిచివేయఁజాలదని మా విద్యార్థులకుఁ జెప్పితిమి. కావుననే చిత్రముకంటె ముందు గ్రంథమును జదువవలెనని మా నియమము.

వ్యాస మింతటితో ముగియవలసినదే. ఐతే నాఁడు సాయంకాలము దీపములు వెలిగించిన తరువాత, వెనుకబల్లనుండి యొక చిన్నవాఁడు లేచి, "మాష్టరుగారూ, జిమ్ వేషము వేసిన పిల్లవాఁడు తరువాత గొప్ప నటుఁడైనాఁడా?" అని యడిగెను. మాకుఁ దెలియదు. "తెలిసికొని చెప్పెదము" అంటిమి. తెలిసికొంటిమి. రెండువారముల తరువాతఁ జెప్పితిమి గూడ. చెప్పునప్పుడు గొంతు పట్టుకొనెను.

బాబీ డ్రిస్కల్ 1937 మార్చిలో అమెరికాలోని అయోవా రాష్ట్రమునఁ బుట్టెను. ఆఱేండ్ల ప్రాయమునఁ జిత్రములఁ బ్రవేశించెను. 1950లో బాలనటులకిచ్చు ఆస్కారు ప్రత్యేక బహుమతి నందెను. ఈ చిత్రమును తీయుచున్న కాలముననే బ్రిటనులోఁ బనిచేయుట కనుమతిపత్రము లేదని కేసు పెట్టి, న్యాయస్థానమువారు జరిమానా విధించిరి. అతనిని దేశమునుండి పంపివేయవలసి యుండఁగా, అప్పీలునకై దొరకిన కొలఁది వారములలో నిర్మాతలు బాలుఁడు దగ్గరగాఁ గనఁబడు దృశ్యముల నన్నిటిని త్వరత్వరగాఁ జిత్రించిరి. 1953లో వెలువడిన 'పీటర్ పాన్' అను బొమ్మల చిత్రమున, ఎన్నఁడును బెరుగని బాలునికి గొంతు నిచ్చినది యితఁడే. కాని తానుమాత్రము పెరిగెను. ముఖమున మొటిమలు లేచెను, గొంతు మాఱెను. ఆ 1953లోనే డిస్నీ సంస్థతో నతని యొడంబడిక ముగిసెను. పాఠశాలలో తోడిపిల్లలు గేలిచేసిరి. పిదప మత్తుమందులు, చెఱసాల. 1968 మార్చి నెలాఖరున న్యూయార్కు నగరములో పాడుపడిన యొక యింట, ఆడుకొనఁబోయిన యిరువురు బాలుర కొక శవము కనఁబడెను. వాఁడెవఁడో యెఱిఁగినవారు లేరైరి. దిక్కులేని శవములను బూడ్చు హార్టు ఐలెండు అను దీవిలోఁ బూడ్చివేసిరి. మఱుసటి సంవత్సరము తల్లి వెదకింపఁగా, వ్రేలిముద్రలచే నాతఁడు బాబీ డ్రిస్కల్ అని తేలెను. చనిపోవునప్పటికి వయస్సు 31 సంవత్సరములు.

నిధిద్వీపమునకుఁ బయనమై లోకమును మురిపించిన బాలుఁడు దిక్కులేనివారి ద్వీపమునఁ బూడ్చఁబడెను. ఇది యెవఁడో కవి కల్పించిన పోలిక కాదు, జరిగిన సంగతి. 1975లో నీ చిత్రమును మరల విడుదలచేయునపుడు పిల్లల మనసులు నొచ్చునని హింసాదృశ్యములను గొన్నింటిని గత్తిరించిరి. తెరపైఁ బాఱిన రంగునెత్తురును గత్తిరించిరి. బాలుఁడు చనిపోయి యప్పటికి ఏడేండ్లు.

అతని పతనమునకుఁ గారకులు ఫలానివారని వ్రేలెత్తి చూపుట కిది తావు గాదు. మత్తుమందు ముట్టినది యతఁడే. కాని యొక్కటి నిశ్చయము. అతని బాల్యమునుండి చాలమంది చాల ధనము నార్జించిరి. బాల్యము ముగియఁగానే వానిని బెన్ గన్ వలె నొడ్డున విడిచిరి.

ఇది యొక్కని కథయు గాదు. 1934 నాఁటి జిమ్ అగు జాకీ కూపరు, అంతకుముందు 1931లో 'స్కిప్పీ' అను చిత్రమున నటించుచుండఁగా, కన్నీరు రప్పించుటకై వాని పెంపుడుకుక్కను కాల్చివేయుదుమని పెద్దలు బెదరించిరి. ఆ గాయము మానలేదు కాఁబోలు. యాబదియేండ్ల పిమ్మట 1981లోఁ దన జీవితకథను వ్రాసి, దానికి కుక్కను కాల్పవలదని వేఁడుకొను మాటలనే పేరుగా నుంచెను. అతనికంటె ముందువాఁడగు జాకీ కూగన్, 1921లో చార్లీ చాప్లినుతో 'ది కిడ్' అను చిత్రమున నటించి జగత్ప్రసిద్ధుఁడయ్యెను. బాల్యమున నార్జించినది ముప్పది నలువదిలక్షల డాలరులని యంచనా. పెద్దవాఁడై చూడఁగా ధనము లేదు. తల్లియు సవతితండ్రియు వ్యయపఱచియుండిరి. 1938లో వారిపై వ్యాజ్యము వేయఁగా, చివరకు దక్కినది రమారమి 1,26,000 డాలరులు. ఆ వ్యాజ్యము ఫలముగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రమువారు బాలనటుల యార్జనలో నొకభాగమును వారికొఱకు దాఁచవలెనని చట్టము చేసిరి. దానిలోని లొసుగులను సవరించి గట్టిపఱచుటకు 2000వ సంవత్సరము వఱకుఁ బట్టినది. సొంతబిడ్డ ధనమును దలిదండ్రులు హరింపకుండ చట్టము చేయవలసివచ్చెనన్నచో, లోభము సముద్రములనే కాక నట్టిండ్లనుగూడ దోఁచుకొనునని తెలియుచున్నది.

అది పరదేశపు ముచ్చట, మన కేల యందురేమో. తెలుఁగున మాటాడిన మొదటి చిత్రమే 1932 నాఁటి 'భక్తప్రహ్లాద', బాలుని కథ. నాఁటినుండి నేఁటివఱకు మన చిత్రములు బాలనటుల ముద్దుమాటలపై బ్రదుకుచునే యున్నవి. ఇపుడు టెలివిజనులో పిల్లల పాటల పోటీలును, నాట్యపు పోటీలును తోడైనవి. ఇంటింటను, పసిపిల్లల యాటపాటలను సెల్‌ఫోనులతోఁ బట్టి, లోకమునకుఁ జూపి, సొమ్ముచేసికొను తలిదండ్రులు బయలుదేఱిరి. ఓడిపోయిన ఎనిమిదేండ్ల పిల్ల యేడ్చుచుండఁగా, ఆ కన్నీటిని దగ్గరగాఁ జూపు కెమెరాను మేము చూచితిమి. ఆ కన్నీటికి ముందును వెనుకను వర్తకుల ప్రకటనలు వచ్చినవి.

మన దేశమునఁ జట్టము లేకపోలేదు. 2016లో సవరింపఁబడిన బాలకార్మిక నిషేధచట్టము 14 ఏండ్లలోపు పిల్లలను పనిలోఁ బెట్టరాదనుచునే, చలనచిత్రములు, టెలివిజను మొదలగువానిలో నటించుటకు నియమములతో మినహాయింపు నిచ్చినది. 2017 నాఁటి నియమముల ప్రకారము బిడ్డచే దినమున కయిదు గంటలకు మించి పనిచేయింపరాదు. విశ్రాంతి లేక మూఁడు గంటలు దాఁటరాదు. వరుసగా 27 దినములకు మించరాదు. జిల్లా మేజిస్ట్రేటు ననుమతి పొందవలెను. చదువు చెడకుండఁ జూడవలెను. బిడ్డ యిష్టమునకు విరోధముగాఁ జేయింపరాదు. ఆదాయమున నూటి కిరువదివంతులు తగ్గకుండ జాతీయ బ్యాంకులో బిడ్డ పేర నిలువయుంచవలెను. మంచి నియమములే. కాని వీనిని తెలిసిన తలిదండ్రు లెందఱు? తెలిసికొని యడుగు నుపాధ్యాయు లెందఱు? చట్టము పుస్తకములో నుండుట, నిధి పటములో నుండుటవంటిది. త్రవ్వువాఁడు లేనిచో రెండును మన్నే.

"పిల్లలు నటింపరాదా? వారికిఁ గళ వలదా?" అని మమ్ము నడుగుదురు. నటింపవచ్చును, పాడవచ్చును. పిల్లల గొంతు లేని లోకము మూఁగలోకము. ముసురుపట్టిన దినమున బాలునితోఁ గూడి స్టీవెన్‌సన్ పటము గీచినట్లు, పిల్లలతోఁ గూడి యాడుట వేఱు. పిల్లలను వేసి యాడుట వేఱు. మా కొలబద్ద యిది: ఆట ముగిసిన తరువాత బిడ్డను చేయిపట్టి యింటికిఁ దీసికొనిపోవువాఁ డున్నాఁడా, లేఁడా? ఉన్నచో నది కళ. లేనిచో నది ఫ్లింటు వ్యాపారము.

ఈ కొలబద్దను పరుల యింటికే కొలిచి మా గుమ్మమున విడుచుట ధర్మము గాదు. కొన్నేండ్ల క్రిందట మేము పనిచేసిన యొక పాఠశాలలోఁ దీయని గొంతుగల బాలుఁ డొకఁడుండెను. ఏ యధికారి వచ్చినను, ఏ యుత్సవము జరిగినను వానినే ముందునిలిపి పాడించెడివారము. గణితపు తరగతినుండి వానిని బిలుచుకొని పోవునపుడు మాలో నెవ్వరును సంకోచింపలేదు. సభలలో మాకుఁ బొగడ్తలు వచ్చెను. ఆ సంవత్సరము వాఁడు గణితమునఁ దప్పెను. "వాఁడు శ్రద్ధగాఁ జదువలేదు" అని పట్టికలో వ్రాసినది మా చేయియే. గొంతు మాఱిన తరువాత వానిని సభలకుఁ బిలుచుట మానితిమి. ఎందుకు మానితిమో వానికిఁ జెప్పనైనను లేదు. డ్రిస్కల్ కథ చదివిననాఁటి రాత్రి మాకు జ్ఞాపకమువచ్చినది న్యూయార్కు కాదు, ఆ బాలుని ముఖము. నిధిని దోఁచువాఁడు చంకకఱ్ఱతోనే రానక్కఱలేదు; హాజరుపట్టికతోను రావచ్చును.

కావున మా యభిప్రాయమును సంగ్రహముగాఁ జెప్పెదము. ఈ చిత్రమును బాఠశాలలోఁ జూపవలసినదే. ముందు గ్రంథమును జదివించి, పిదపఁ జూపవలెను. చూపిన పిమ్మట మొదటి యబద్ధమును వెదకింపవలెను. దయకును దీర్పునకునుగల భేదమును మాటాడింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తెరపై నాడిన బాలుఁడు తరువాత నేమయ్యె నను నా వెనుకబల్ల ప్రశ్నను ప్రతి చిత్రము ముగిసినపుడును పెద్దలమైన మన మడుగుకొనవలెను. బిడ్డను వేదిక యెక్కించు తలిదండ్రులు నియమముల నడిగి తెలిసికొని, బ్యాంకు పుస్తకమును బిడ్డ పేర వ్రాయించి, చదువును గాపాడవలెను. చూచి చప్పట్లు కొట్టు మనము, కన్నీటిని వినోదముగా నమ్ము కార్యక్రమమును గట్టివేయవలెను. కొనువారు లేనిది అమ్మువారుండరు.

విద్యార్థులారా, స్టీవెన్‌సన్ కథ చివర ద్వీపమున నింకను వెండిదిమ్మలు మిగిలియున్నవి. జిమ్ వానికై మరలిపోనొల్లఁడు. అతని కప్పటికిఁ దెలిసినది: ఓడపై నుండిన ధనములో నన్నిటికంటె విలువైనది పీపాలో దాఁగి వణఁకుచుండిన బాలుఁడే. ఆ సంగతి ఆ యోడలోని పెద్దలకుఁ గథ ముగియకముందే తెలిసినది కనుక జిమ్ బ్రదికి యిల్లు చేరెను. వెనుకబల్లనుండి ప్రశ్న యడిగిన చిన్నవానికి, మేము బాకీపడిన ప్రత్యుత్తర మింతియే. నీవు గొప్పనటుఁడవైనను, కాకున్నను, నీ గొంతు మాఱిన దినమునఁగూడ నీ పేరుపెట్టి పిలుచువారు ఈ పాఠశాలలో నుందురుగాక.